శ్వాసనాళం కోసి కలిపేటప్పుడు ఏ దారం, ఏ కుట్టు: ఒక సమగ్ర మార్గదర్శి

పురుగుమందు తాగి వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉండి బతికి బయటపడినవాళ్లు, బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి ఐసీయూలో గడిపినవాళ్లు, కోవిడ్ రోజుల్లో గొంతులో ట్యూబ్ వేయించుకున్నవాళ్లు. మన తెలుగు రాష్ట్రాల్లో శ్వాసనాళం సన్నబడి ఆపరేషన్ దాకా వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు ఎక్కువ. డిశ్చార్జ్ అయిన కొన్ని వారాలకు ఆయాసం మొదలవుతుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గురగురమంటుంది. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు వాడుతుండగానే నెలలు గడిచిపోతాయి. చివరికి ఎవరో బ్రాంకోస్కోపీ చేస్తే, అంటే కెమెరా గొట్టంతో నాళం లోపలికి చూస్తే, ట్యూబ్ చుట్టూ గాలితో ఉబ్బే కఫ్ ఒత్తుకున్న చోట నాళం 4, 5 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయి కనిపిస్తుంది. ఆ మచ్చకట్టిన ముక్కను తీసేసి, పైకొసను కింది కొసకు కుట్టడమే దీనికి శాశ్వతమైన వైద్యం.

ఈఎన్‌టీ, థొరాసిక్, జనరల్ సర్జరీ పీజీల కోసం, ఓటీలో దారాలు అందించే సిస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ ఆపరేషన్ అనుభవమున్న సర్జన్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సినది. అలా నిలబడే ముందు ఏం చూడాలో, ఏం అడగాలో తెలిసి ఉంటే నేర్చుకోవడం వేగంగా జరుగుతుంది.

"వైక్రిలా, పీడీఎస్సా?" అని, కరిగే దారాల్లో ఈ రెంటి గురించి, పీజీలు మొదటి ప్రశ్నగా అడుగుతుంటారు. నా ఉద్దేశంలో అది నాలుగో ప్రశ్న. రెండు కొసల మధ్య లాగుడు ఎంత, కొసలకు రక్తం అందుతోందా, అంచులు ఆరోగ్యంగా ఉన్నాయా అన్నవి ముందు తేలాలి. ఈ మూడూ సరిగా ఉంటే మంచి దారాల్లో ఏది వాడినా అతుకు మానుతుంది. ఇవి చెడితే ఏ దారమూ కాపాడదు. బిగుతు రవిక కుట్టు వేసిన చోటే చిరుగుతుంది, దారం మాత్రం చెక్కుచెదరదు. ఇక్కడ జరిగేదీ అదే.

నాళాన్ని ముందు కొలుచుకోండి

పెద్దవాళ్లలో శ్వాసనాళం పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. అందులో 18 నుంచి 22 దాకా కార్టిలేజ్ (మృదులాస్థి) రింగులు ఉంటాయి, అంటే సెంటీమీటరుకు దాదాపు రెండు. రింగులు ముందు, పక్కల మాత్రమే ఉంటాయి. వెనక, అన్నవాహికను ఆనుకుని, మెత్తని పొర ఉంటుంది. కుట్టు దృష్టితో చూస్తే ఇవి రెండు వేర్వేరు కణజాలాలు. కార్టిలేజ్ దారాన్ని పట్టుకుంటుంది కానీ వంగదు. వెనక పొర వంగుతుంది కానీ సులువుగా చిరుగుతుంది.

రక్తనాళాలు రెండు పక్కల నుంచి చిన్నచిన్న కొమ్మలుగా వస్తాయి. పై సగానికి ఇన్‌ఫీరియర్ థైరాయిడ్ ధమని, కింది సగానికి బ్రాంకియల్ ధమనులు ప్రధానం. అందుకే నాళం ముందు భాగాన్ని వేలితో ఎంత కిందికైనా విడదీయవచ్చు కానీ, పక్కల్ని మాత్రం కోసిన అంచు నుంచి 1 లేదా 1.5 సెంటీమీటర్లకు మించి చుట్టూ ఒలవకూడదు. సౌకర్యంగా కుట్టుకోవడానికి ఇంకాస్త ఒలుద్దామని అనిపిస్తుంది, ఒలవకండి. స్వరపేటికకు వెళ్లే రికరెంట్ నరాలు కూడా ఆ పక్కల్లోనే, నాళానికీ అన్నవాహికకూ మధ్య గాడిలో ఉంటాయి. మచ్చ కట్టిన చోట వాటి కోసం వెతక్కుండా, కత్తెరను నాళం గోడకు ఆనించి నడపడమే క్షేమం.

ఎంత పొడవు తీయవచ్చు? 1950 ప్రాంతంలో 2 సెంటీమీటర్లు దాటితే కలపలేమని అనుకునేవారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో హెర్మెస్ గ్రిల్లో, మల్లికెన్ మృతదేహాల మీద కొలిచి, 1968లో ప్రచురించిన పని ఆ గీతను చెరిపేసింది. మెడ ముందుకు వంచి, 1000 నుంచి 1200 గ్రాముల లాగుడుతో, సగటున 4.5 సెంటీమీటర్లు తీసి కలపవచ్చని వాళ్లు చూపించారు. ఇప్పుడు అనువైన పెద్దవాళ్లలో నాళంలో సగం దాకా, పిల్లల్లో మూడో వంతు దాకా తీయవచ్చన్నది అందరూ పాటించే అంచనా. అయితే వయసు పైబడి మెడ వంగనివాళ్లలో, లావుగా పొట్టి మెడ ఉన్నవాళ్లలో ఈ లెక్క పనిచేయదు. వాళ్ల మెడను ఓపీలోనే వంచి, చాచి చూసుకోండి.

దారం ఎన్నాళ్లు మోయాలి, ఏం మిగల్చాలి

దారాన్ని రెండు ప్రశ్నలతో తూచండి. మానే దాకా బలం నిలుస్తుందా? మానాక లోపల ఏం మిగులుతుంది? తొలి రెండు వారాలు అతుకు పూర్తిగా దారం మీదే ఆధారపడుతుంది, మూడో వారం నుంచి కణజాలం బరువు పంచుకుంటుంది. ఆ తర్వాత దారం ఉండటం వల్ల లాభం తగ్గుతూ, నష్టం పెరుగుతూ పోతుంది. గాలి ఆడే నాళంలో దారం బయటపడితే దాని చుట్టూ గ్రాన్యులేషన్ కండ పెరుగుతుంది. అది రక్తం కారుస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, ఏ కారణంతో ఆపరేషన్ చేశామో మళ్లీ ఆ స్థితికే తీసుకొస్తుంది.

బోస్టన్‌లో మొదట కరగని పాలియెస్టర్ దారాలు వాడేవారు. గ్రాన్యులేషన్లు తరచుగా వచ్చేవి, బ్రాంకోస్కోపీ చేసి ఆ దారాల్ని తీయాల్సి వచ్చేది. 1978లో వైక్రిల్‌కు మారాక ఆ బెడద బాగా తగ్గిపోయింది. ఒక్క దారం మార్పుతో ఫలితాలు మారిన సందర్భం ఇదే. దీన్నుంచి తీసుకోవాల్సిన నియమం సూటిగా ఉంది: శ్వాసనాళంలో కరిగే దారమే వాడాలి.

వైక్రిల్ అంటే పాలీగ్లాక్టిన్ 910, అల్లిన దారం. రెండు వారాలకు మొదటి బలంలో సుమారు 75 శాతం, మూడు వారాలకు 50, నాలుగు వారాలకు 25 శాతం ఉంటుంది. 56 నుంచి 70 రోజుల్లో కరిగిపోతుంది. నాళం మానే కాలానికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది. చేతిలో మెత్తగా ఉంటుంది, ముడి జారదు, నాలుగు మెలికలు చాలు. లోపాలు రెండు. పొడిగా ఉన్నప్పుడు కణజాలాన్ని గీరుకుంటూ వెళ్తుంది, కాబట్టి సెలైన్‌తో తడిపి వాడాలి. అల్లికలో సూక్ష్మజీవులు దాగే చోటు ఉంటుంది. చీము, కఫం ఎక్కువగా ఉన్న రోగిలో ఈ రెండో లోపాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పీడీఎస్, అంటే పాలీడయాక్సనోన్, ఒంటి పోగు దారం. 4-0, అంతకన్నా సన్నని సైజుల్లో (సున్నా ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నం) రెండు వారాలకు 60 శాతం, నాలుగు వారాలకు 40, ఆరు వారాలకు 35 శాతం బలం ఉంటుంది. 3-0, అంతకన్నా లావు సైజుల్లో ఇంకా ఎక్కువ, ఆరు వారాలకు 60 శాతం. పూర్తిగా కరగడానికి ఆరు నెలలు పైనే పడుతుంది. కణజాలంలోంచి గీరకుండా జారిపోతుంది, కాబట్టి ఒకే దారంతో వరసగా కుట్టడానికి ఇదే మేలు. డయాబెటిస్ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడినవాళ్లలో, మానడం ఆలస్యమయ్యే ప్రతిచోటా ఆ అదనపు వారాల బలం ధైర్యాన్నిస్తుంది. చుట్టలు తిరిగే గుణం ఎక్కువ, ముడికి ఐదారు మెలికలు వేయాలి. కత్తిరించిన కొసలు గట్టిగా గుచ్చుకుంటాయి, కాబట్టి ముడి లోపలికి పోకుండా మరింత జాగ్రత్త అవసరం. పాలీగ్లైకోనేట్ దారం, అంటే మ్యాక్సాన్, దాదాపు ఇదే వర్గం.

మోనోక్రిల్ జారుడులో బాగుంటుంది కానీ రెండు వారాలకే బలం మూడో వంతుకు పడిపోతుంది. లాగుడున్న అతుకుకు పనికిరాదు. క్రోమిక్ క్యాట్‌గట్ కూడా త్వరగానే చేతులెత్తేస్తుంది, పైగా వాపు తెస్తుంది. సిల్క్ వద్దు. ప్రోలీన్ కణజాలాన్ని పెద్దగా రెచ్చగొట్టదు, బలం తగ్గదు, కొందరు వెనక పొరకు వాడతారు కూడా. కానీ అది ఎప్పటికీ ఉండిపోతుంది, ఏళ్ల తర్వాత కూడా నాళంలోకి బయటపడగలదు. వేరే కరిగే దారం దొరికేచోట ప్రోలీన్ ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. ముళ్లున్న దారాలు ముడి లేకుండా పట్టుకుంటాయి నిజమే, కానీ ఒక ముల్లు పట్టాక వెనక్కి లాగి సరిదిద్దలేం. ఒక్కో మిల్లీమీటరు సరిచూసుకోవాల్సిన చోట అది పెద్ద లోపం.

సైజు విషయం తొందరగా తేల్చేయవచ్చు. పెద్దవాళ్లకు అతుకు కుట్లకు 4-0, కార్టిలేజ్ గట్టిగా ఉంటే 3-0. పక్కల లాగుడు మోసే కుట్లకు 2-0 వైక్రిల్. పిల్లలకు 5-0, పసివాళ్లకు 6-0. సూది సగం వృత్తాకారంలో, గుండ్రని ఒడలుతో, చిన్నదిగా ఉండాలి. కటింగ్ సూది వెనక పొరలో రంధ్రాన్ని చీలికగా మార్చేస్తుంది. ముసలివాళ్లలో రింగులు సున్నం పట్టి సూది దిగకపోతే, మొన మాత్రం పదునుగా ఉండే టేపర్‌కట్ సూది తీసుకోండి, లేదా రింగును గుచ్చకుండా దాని చుట్టూ తిప్పి కుట్టండి.

రోగి దగ్గరికి వెళ్లే ముందు మేక నాళం మీద

దారాల తేడా చదివితే సగమే తెలుస్తుంది, మిగతాది వేళ్లకు తెలియాలి. మటన్ షాపులో చెబితే స్వరపేటికతో సహా మేక శ్వాసనాళం తీసి ఇస్తారు. నిర్మాణంలో అది మన నాళానికి దగ్గరే: ముందు రింగులు, వెనక మెత్తని పొర. కడిగి సెలైన్‌లో ఉంచండి, ఎండిపోతే రింగులు పెళుసవుతాయి.

మధ్యలో 2 సెంటీమీటర్ల ముక్క తీసేసి నాలుగు రకాలుగా కలపండి. ఒకటి 4-0 వైక్రిల్‌తో విడివిడి కుట్లు. రెండోది 4-0 పీడీఎస్‌తో విడివిడి కుట్లు. మూడోది పీడీఎస్‌తో చుట్టూ ఒకే దారం. నాలుగోది వెనక పొరకు ఒకే దారం, ముందు రింగులకు విడివిడి కుట్లు. అన్నింటిలోనూ అంచు నుంచి దూరం, కుట్ల మధ్య దూరం ఒకేలా ఉంచండి, లేకపోతే మీరు పోల్చేది దారాల్ని కాదు, మీ చేతి వాటాన్ని అవుతుంది. ఒక్కోదానికి పట్టిన సమయం రాసుకోండి.

తర్వాత ఒక కొసను బిగించి, రెండో కొసలో కఫ్ ఉన్న ట్యూబ్ పెట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, చేత్తో నొక్కే ఆంబూ బ్యాగ్‌తో 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా గాలి ఇవ్వండి. బుడగ ఎక్కడ వస్తుందో చూడండి. ఎక్కువగా కార్టిలేజ్, పొర కలిసే మూలల్లో వస్తుంది. ఆ రెండు మూలలు ఓటీలో కూడా మిమ్మల్ని పరీక్షించేవే.

ఆఖరున ఇంకో పరీక్ష. నాళాన్ని నిలువుగా వేలాడదీసి, కింది కొసకు లీటరు నీళ్ల సీసా కట్టండి. అది సుమారు కిలో బరువు, పైన చెప్పిన హద్దు. అతుకు ఎలా ఉందో చూసి, తర్వాత బరువు పెంచుతూ పొండి. తెగేది దారమా, జారేది ముడా, చిరిగేది కణజాలమా? సరిగా వేసిన ముడి ఉంటే చాలావరకు కణజాలమే ముందు లొంగుతుంది. అది కళ్లారా చూశాక లావు దారం వేస్తే భద్రమన్న ఆలోచన పోతుంది. చివరికి నాళాన్ని నిలువునా చీల్చి లోపలి నుంచి అతుకును పరిశీలించండి. అంచులు లోపలికి ముడుచుకున్నాయా, దారం ఎంత బయటపడి ఉంది అన్నది అక్కడ తెలుస్తుంది. వాపు, గ్రాన్యులేషన్ మాత్రం బల్ల మీద కనపడవు, దారం ఎంపికలో వాటి మాట మరవకండి.

ఓటీలో వరస

ఎర్రగా వాచిన నాళాన్ని కోయకండి. వాపు తగ్గేదాకా రిజిడ్ బ్రాంకోస్కోప్‌తో వెడల్పు చేసి సమయం కొనుక్కోవచ్చు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఉంటే ముందు తగ్గించి ఆపాలి.

నాళాన్ని జబ్బు ఉన్న చోటే తెరవండి, తర్వాత ఆరోగ్యమైన అంచు దొరికేదాకా కొంచెం కొంచెంగా కోయండి. ముందే ఎక్కువ తీసేస్తే తిరిగి పెట్టలేం. నాళం తెరిచే ముందు అనస్తీషియా వాళ్లతో మాట్లాడి ఆక్సిజన్ శాతం తగ్గించాలి, తెరిచాక కరెంటుతో కాల్చే కాటరీని దగ్గరికి రానివ్వకూడదు. ఆక్సిజన్ మధ్య నిప్పురవ్వ పడితే నాళంలోనే మంట లేస్తుంది. కింది కొసలో, ఆపరేషన్ చేసే చోటు నుంచే, వంగినా నొక్కుకుపోని ఆర్మర్డ్ ట్యూబ్ పెట్టి గాలి ఇస్తారు. కుట్టు వేసేటప్పుడల్లా దాన్ని కాసేపు తీసి మళ్లీ పెడతారు.

ఇప్పుడు పక్క కుట్లు. రెండు కొసల్లోనూ, కుడి ఎడమల మధ్యలో, అంచుకు సెంటీమీటరు పైన దూరంలో ఒక రింగును పూర్తిగా చుట్టేలా 2-0 వైక్రిల్ వేయండి. లాగుడు మోసేది ఇవే. తల కింద చెయ్యి పెట్టి మెడను వంచమని చెప్పి, ఈ దారాల్ని దగ్గరకు లాగి చూడండి. కొసలు సులువుగా కలిస్తే కుట్టడానికి సిద్ధం. కలవకపోతే ఇక్కడే ఆగాలి. ముందువైపు విడదీత రెండు దిక్కులా సరిపోయిందో చూసి, ఇంకా కావాలంటే హయాయిడ్ ఎముక పైన కండరాల్ని విడదీసే సుప్రాహయాయిడ్ రిలీజ్‌తో సెంటీమీటరు, సెంటీమీటరున్నర సంపాదించవచ్చు. ఛాతీలోని భాగమైతే ఊపిరితిత్తి మూలం దగ్గర విడుదల చేస్తారు. మింగడం కొన్నాళ్లు ఇబ్బందవుతుందని సుప్రాహయాయిడ్ రిలీజ్‌కు వెనకాడతారు, నిజమే, కానీ లాగుడుతో కట్టిన అతుకు దానికన్నా చాలా పెద్ద ఇబ్బంది.

అతుకు కుట్లు వెనక నుంచి మొదలు. గ్రిల్లో నేర్పిన పద్ధతిలో, వెనక పొర సరిగ్గా మధ్యలో మొదటి కుట్టు వేసి, అక్కడి నుంచి ఒక్కో పక్కగా ముందుకు వస్తారు. అంచుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, కుట్టుకూ కుట్టుకూ మధ్య 3 నుంచి 4 మిల్లీమీటర్లు. నాళం చుట్టుకొలత ఆరేడు సెంటీమీటర్లు కాబట్టి మొత్తం 18, 20 కుట్ల దాకా పడతాయి. ముడి బయట పడేలా సూది బయట నుంచి లోపలికి, అవతలి కొసలో లోపల నుంచి బయటికి పోవాలి. ఏ ముడీ అప్పుడే వేయకూడదు. ఒక్కో దారాన్ని క్లిప్‌తో పట్టి, గుడ్డకు వరసగా అంటించండి. కొత్త కుట్టు ఎప్పుడూ పాతదానికి ముందు పడాలి, వరస తప్పితే దారాలు చిక్కుపడి ముడి వేసేటప్పుడు నరకం. ఈ దశలో సిస్టర్ శ్రద్ధే సగం ఆపరేషన్.

అన్నీ పడ్డాక కింది ట్యూబ్ తీసి, నోటి ట్యూబ్‌ను అతుకు దాటేలా కిందికి దింపుతారు. మెడ వంచి, రెండు పక్కల కుట్లను ఒకేసారి ముడి వేయాలి. కొసలు ఒకదాన్నొకటి తాకి, లాగుడంతా ఈ రెంటి మీదికి వచ్చాకే అతుకు కుట్లను ముందు నుంచి వెనక్కి ముడి వేస్తూ పొండి. అంచులు కలిసేంత బిగించండి, కోసుకుపోయేంత కాదు. మధ్యలో నోటి ట్యూబ్‌ను కాస్త కదపమనండి, ఏ కుట్టయినా దాన్ని పట్టుకుని ఉంటే అప్పుడే తెలుస్తుంది.

తర్వాత గాయంలో సెలైన్ పోసి, కఫ్ గాలి తీసి, 20 నుంచి 30 సెంటీమీటర్ల పీడనం ఇచ్చి బుడగల కోసం చూడాలి. వస్తే ఆ చోట ఇంకో కుట్టు. అతుకు మీద థైరాయిడ్ మధ్యభాగాన్నో, మెడ ముందరి కండరాన్నో కప్పండి. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే ఇది తప్పనిసరి, కుట్టు రాపిడికి దాని గోడ తెగితే రోగి దక్కడు.

విడివిడిగానా, ఒకే దారంతోనా

విడివిడి కుట్లలో ఒకటి వదులైనా మిగతావి నిలుస్తాయి. పైకొస వెడల్పు, కింది కొస ఇరుకు అయినప్పుడు తేడాను కుట్టుకింత చొప్పున పంచవచ్చు. అంచుకు రక్తం అందడానికి కుట్ల మధ్య ఖాళీ ఉంటుంది. వీటికి వెల సమయం, ముడుల సంఖ్య.

ఒకే దారం వేగంగా అవుతుంది, లాగుడు అంతటా సమంగా పంచుకుంటుంది, గాలి కారడం తక్కువ. కానీ చుట్టూ ఒకే దారం వేసి బిగిస్తే సంచి మూతి ముడుచుకున్నట్టు నాళం సన్నబడగలదు, ఒక్కచోట తెగితే మొత్తం వదులవుతుంది. అందుకే చాలామంది వెనక పొర వరకు పీడీఎస్‌తో ఒకే దారం, రింగులకు విడివిడి కుట్లు అన్న మధ్యదారి పట్టారు. లాగుడు తక్కువగా ఉండి, వెనక చేయి దూర్చడం కష్టమైన లోతైన చోట ఇది మంచి పద్ధతి. లాగుడు ఎక్కువైతే, స్వరపేటిక అడుగున ఉండే క్రికాయిడ్ రింగు దగ్గర కలపాల్సి వస్తే, మొదటిసారి నేర్చుకునేవాళ్లయితే, విడివిడి కుట్లే వేయండి. ఈ విషయంలో మన దగ్గరున్నది ఎక్కువగా ఒక్కో కేంద్రం సొంత రోగుల అనుభవమే కాబట్టి, మీ గురువు చేతికి బాగా అలవాటైన పద్ధతికి విలువివ్వాలి.

పిల్లల సంగతి వేరు. పుట్టుకతో నాళం పొడవునా సన్నగా ఉన్నవాళ్లకు ముక్క తీయకుండా, నాళాన్ని మధ్యలో కోసి, ఒక ముక్కను ముందువైపు, రెండోదాన్ని వెనకవైపు నిలువుగా చీల్చి, ఒకదాని మీదికొకటి జరిపి కలిపే స్లైడ్ ట్రేకియోప్లాస్టీ చేస్తారు. అక్కడ లాగుడు పొడవాటి అతుకంతా పంచుకుంటుంది కాబట్టి 5-0, 6-0 పీడీఎస్‌తో ఒకే దారం కుట్టు చక్కగా నప్పుతుంది. కరిగే దారం కాబట్టి నాళం ఎదుగుదలకు అడ్డు రాదు.

ఆ తర్వాత వారం

గడ్డం కింది చర్మాన్ని ఛాతీ చర్మానికి లావు దారంతో వదులుగా కట్టి వారం దాకా ఉంచుతారు. తల వెనక్కి వాలకుండా గుర్తుచేయడం దాని పని. బంధువులకు ఇది ముందే చెప్పకపోతే చూసి భయపడిపోతారు. వీలైతే ఓటీలోనే ట్యూబ్ తీసేయాలి. డిశ్చార్జ్‌కు ముందు, సుమారు వారానికి, బ్రాంకోస్కోపీ చేసి అతుకు చూడాలి.

బోస్టన్ నుంచి 2004లో వచ్చిన 901 మంది రోగుల లెక్కలో 9 శాతం మందిలో అతుకు సమస్యలు వచ్చాయి. ప్రమాదం పెంచినవి: రెండోసారి ఆపరేషన్, డయాబెటిస్, 4 సెంటీమీటర్లు, ఆపైన తీయడం, స్వరపేటిక దాకా వెళ్లడం, 17 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ వయసు, ముందే ట్రేకియోస్టమీ (మెడలో రంధ్రం చేసి ట్యూబ్ పెట్టడం) అవసరపడటం. ఇందులో ఒక్కటైనా ఉన్న రోగి విషయంలో కుట్టే ముందు మెడ వంచి పక్క కుట్లు లాగి చూసే పరీక్షను రెండుసార్లు చేయండి.

మెడ చర్మం కింద గాలి చేరి కరకరమన్నా, గాయంలోంచి గాలి వచ్చినా, ఊపిరిలో మళ్లీ శబ్దం మొదలైనా అతుకు విడుతోందని భావించి అప్పటికప్పుడు ఓటీకి తీసుకెళ్లి బ్రాంకోస్కోప్‌తో చూడాలి. చిన్న చీలికకు గాయం తెరిచి కారనివ్వడం సరిపోవచ్చు. పెద్దదైతే ముందు గాలిదారి నిలబెట్టాలి, మెడలోంచి నాళంలో పెట్టే టీ ఆకారపు గొట్టం, మాంట్‌గోమరీ టీ-ట్యూబ్ అందుకే ఉంది. వాచి, మెత్తబడిన ఆ అంచుల్ని వెంటనే మళ్లీ కుట్టడానికి ప్రయత్నించకండి. రెండో ఆపరేషన్‌కు కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి, అప్పటిదాకా రోగి టీ-ట్యూబ్‌తోనే మాట్లాడగలడు, పనికి వెళ్లగలడు.